తూటా అడుగున చరిత్ర: ప్రైమర్ గుర్తులు, పిస్టల్ అరుగుదల – ఆయుధసాక్ష్యంపై ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

తుపాకి పేలిన ప్రతిసారీ ఖాళీ తూటా అడుగుభాగంలోని ప్రైమర్ మీద కొన్ని గుర్తులు మిగులుతాయి. ఆ గుర్తులను, ఆయుధం అరుగుదలను కలిపి చదివి ఒక నిర్ణయానికి రావడం ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో శాస్త్రంగా రూపుదిద్దుకొంది. అదే కాలంలో నర్సీపట్నం మన్యంలో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన పోరాటం సాగింది. ఈ వ్యాసం ఆ శాస్త్రం పుట్టుకను, అది వలసపాలన అవసరాలతో ముడిపడిన తీరును పరిశీలిస్తుంది. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌పై కనిపించే అసాధారణ గుర్తులకు కారణం నిర్ణయించే పద్ధతిని వివరిస్తుంది. చారిత్రక ఆయుధాల ప్రామాణికతను తేల్చడంలో ఆ పద్ధతి ఎంతవరకు ఉపకరిస్తుందో, ఎక్కడ ఆగిపోవాలో చర్చిస్తుంది.

కీలకపదాలు: ప్రైమర్, ఫైరింగ్ పిన్, సెమీ ఆటోమేటిక్ పిస్టల్, మన్యం పోరాటం, నర్సీపట్నం, ఆయుధసాక్ష్యం, మ్యూజియం ప్రామాణికత.

1. ఉపోద్ఘాతం

నక్కపల్లి నేడు అనకాపల్లి జిల్లాలోని మండలకేంద్రం. మద్రాసు–కలకత్తా రహదారి మీది ఊరు. ఇక్కడినుంచి తూర్పున సముద్రం దగ్గర. వాయవ్యంగా నర్సీపట్నం దాటితే మన్యం కొండలు మొదలవుతాయి. 1922–24 మధ్య ప్రభుత్వబలగాలకు నర్సీపట్నమే ప్రధాన స్థావరం. రైలులో వచ్చిన మనుషులు, మందుగుండు ఈ మైదానం మీదుగానే కొండలకు చేరాయి. ఈ ప్రాంతపు చరిత్రను మనం ఇంతవరకు ప్రధానంగా మూడు ఆధారాలతో రాసుకొన్నాం: ప్రభుత్వ నివేదికలు, న్యాయస్థానపు కాగితాలు, జనశ్రుతి. నాలుగో ఆధారమైన వస్తువును, అంటే ఆ పోరాటంలో పేలిన తుపాకులను, రాలిన ఖాళీ తూటాలను, చదివే అలవాటు మన పరిశోధనలో తక్కువ.

ఇది కేవలం సాంకేతిక విషయం కాదు. మ్యూజియంలో ఒక ఆయుధం కింద 'ఫలానా వీరుడు వాడినది' అని చీటీ పెడితే అది చరిత్రగా చెలామణి అవుతుంది. న్యాయస్థానంలో ఒక ఖాళీ తూటాను ఒక పిస్టల్‌తో ముడిపెడితే ఒక మనిషి ప్రాణం దాని మీద ఆధారపడుతుంది. రెండుచోట్లా అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ గుర్తు ఎలా ఏర్పడింది?

2. మన్యంలోని తుపాకులు: జాబితా అనే సాక్ష్యం

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై రాజు దళం వరుసగా దాడి చేసింది. మూడు ఠాణాలలో కలిపి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు దళం చేతికి చిక్కాయి. ఈ దాడులలో చరిత్రకారుణ్ణి ఆకర్షించే అంశం ఒకటుంది. తీసుకొనిపోయిన ఆయుధాల వివరాన్ని రాజు ఠాణా రికార్డులో రాసి సంతకం చేశాడు. దోచినవాడే దోపిడీకి రసీదు ఇచ్చిన సందర్భమిది. చెప్పి కొట్టడం, మిరపకాయ టపాతో ముందే కబురు పంపడం రాజు యుద్ధనీతిలో భాగాలని మనకు తెలుసు. ఆయుధచరిత్ర దృష్టితో చూస్తే ఆ సంతకానికి మరో విలువ కూడా ఉంది. ఏ ఠాణానుంచి ఎన్ని ఆయుధాలు పోయాయన్న విషయంలో రెండు పక్షాలూ అంగీకరించిన పత్రమది.

తర్వాతి నెల 24వ తేదీన దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్లేయ అధికారులు తూటాలకు బలయ్యారు. ఆ తరువాత మలబార్ స్పెషల్ పోలీసులు, 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ మన్యంలోకి వచ్చాయి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజు ప్రాణాలు కోల్పోయాడు. సుమారు రెండు సంవత్సరాల ఈ కాలంలో కొండదారుల వెంట వేలాది ఖాళీ తూటాలు రాలి ఉంటాయి. వాటిని ఒక తుపాకితో పోల్చి 'ఇది దీనిదే' అని చెప్పగల పరికరం ఆనాటికి ఇంకా వాడుకలోకి రాలేదు. రెండు వస్తువులను ఒకే దృష్టిక్షేత్రంలో పక్కపక్కన చూపే కంపారిజన్ మైక్రోస్కోప్‌ను న్యూయార్క్‌లో ఫిలిప్ గ్రావెల్, కాల్విన్ గోడార్డ్ తుపాకిగుర్తుల పరీక్షకు వాడింది 1925లో. మన్యం పోరాటం ముగిసిన మరుసటి ఏడాది అది.

3. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ రాక

మన్యంలో ఠాణానుంచి పోయినవి పోలీసు తుపాకులు. దేశంలో అప్పటికే మరో తరహా ఆయుధం విప్లవకారుల చేతికి చేరింది. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడా కంపెనీకి వచ్చిన సరుకులోంచి 10 పెట్టెలు మాయమయ్యాయి. వాటిలో 50 మౌజర్ పిస్టళ్లు, 46,000 తూటాలు ఉన్నాయి. ప్రతి పిస్టల్ మీద తయారీదారు సంఖ్య ఉంది. ఆ సంఖ్యల పట్టిక కంపెనీ దగ్గర ఉంది. ఆ పిస్టళ్లు 54 దోపిడీ, హత్యల ఘటనలలో వాడబడ్డాయని, 31 మాత్రమే తిరిగి దొరికాయని 1918నాటి రౌలట్ కమిటీ నివేదిక లెక్క చెప్పింది. అంటే ఈ దేశంలో పిస్టల్‌ను వ్యక్తిగా గుర్తించడం మొదట సంఖ్య ద్వారా జరిగింది. ప్రైమర్ మీది గుర్తు తరువాతి కాలానిది.

సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌కు ఒక ప్రత్యేకత ఉంది. రివాల్వర్ పేలిన ఖాళీ తూటాలను తన సిలిండర్‌లోనే దాచుకొంటుంది. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ప్రతి పేలుడుతోనూ ఖాళీ తూటాను బయటికి విసిరేస్తుంది. పేల్చినవాడు పిస్టల్ జేబులో పెట్టుకొని పోయినా సాక్ష్యం నేలమీద మిగిలిపోతుంది. పైగా ఆ తూటా మీద ఒక్క గుర్తు కాదు, ఎన్నో గుర్తులు పడతాయి. మ్యాగజైన్ అంచుల గీత, చాంబర్ గోడల రాపిడి, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం పట్టు, ఎజెక్టర్ పోటు, ఫైరింగ్ పిన్ గుంట, బ్రీచ్ ముఖపు ముద్ర తూటాపై వేర్వేరు చోట్ల నమోదవుతాయి. ఈ పిస్టల్ వ్యాప్తి, ఖాళీ తూటాలను చదివే శాస్త్రం ఎదుగుదల ఒకే కాలంలో జరగడం కాకతాళీయం కాదు.

4. మూడు ఖండాలలో ఒకే తరహా పిస్టల్

ఈ శాస్త్రం తొలినాళ్ల ప్రసిద్ధ కేసులలో .32 కోల్ట్ ఆటోమేటిక్ పిస్టల్ పదేపదే కనిపిస్తుంది. 1924 నవంబరు 19న కైరోలో ఈజిప్టు సైన్యాధిపతి సర్ లీ స్టాక్‌పై కాల్పులు జరిగాయి. వైద్యన్యాయనిపుణుడు సిడ్నీ స్మిత్ బుల్లెట్ల మీది గీతలను పోల్చి, వాటిలో కొన్ని ఒక .32 కోల్ట్‌నుంచి వచ్చినవని నిర్ణయించాడు. రాజు మరణించి అప్పటికి ఆరునెలలే. అదే సామ్రాజ్యంలో రాజకీయ హింసను ఎదుర్కోవడానికి కొత్త సాధనం సిద్ధమవుతున్నదని ఈ రెండు తేదీల సామీప్యం సూచిస్తుంది.

అమెరికాలో సాకో, వాంజెట్టి కేసు రెండోది. 1920లో సౌత్ బ్రెయిన్‌ట్రీలో జరిగిన దోపిడీ హత్యలలో సాకో దగ్గర దొరికిన .32 కోల్ట్ ప్రధాన వస్తుసాక్ష్యం. 1927లో గోడార్డ్ కంపారిజన్ మైక్రోస్కోప్‌తో ఒక బుల్లెట్‌ను, ఒక ఖాళీ తూటాను ఆ పిస్టల్‌తో ముడిపెట్టాడు. ఈ కేసులో మన చర్చకు మరింత ముఖ్యమైనది అంతకుముందు జరిగిన మరో సంఘటన. ప్రతివాదుల నిపుణుడు ఆల్బర్ట్ హామిల్టన్ 1923 నవంబరులో రెండు కొత్త కోల్ట్ పిస్టళ్లు కోర్టుకు తెచ్చి, సాకో పిస్టల్‌తో పాటు విప్పి, భాగాలను చూపించి తిరిగి బిగించాడు. 1924 ఫిబ్రవరిలో పరిశీలిస్తే సాకో పిస్టల్‌కు కొత్త బ్యారెల్ ఉన్నట్లు తేలింది. న్యాయమూర్తి ఆదేశంతో బ్యారెళ్లు మళ్లీ మారాయి గానీ, అనుమానం పూర్తిగా చెరగలేదు. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ఒకే ముక్క కాదు. విడదీయదగిన భాగాల కూర్పు. ఫ్రేము మీది సంఖ్య బ్యారెల్‌కో ఫైరింగ్ పిన్‌కో పూచీ పడదు.

బ్రీచ్ ముఖపు గుర్తుతోనే కేసు నిలిచిన సందర్భం ఇంగ్లండులో వచ్చింది. 1927 సెప్టెంబరు 27న ఎసెక్స్‌లో గటరిడ్జ్ అనే కానిస్టేబుల్ హత్యకు గురయ్యాడు. కారులో దొరికిన ఖాళీ తూటా అడుగున ఉన్న చిన్న లోపపు ముద్ర ఒక వెబ్లీ రివాల్వర్ బ్రీచ్ ముఖంతో సరిపోయింది. ఆ లోపం మరే తుపాకిలోనైనా ఉందేమోనని సుమారు 1,300 వెబ్లీ రివాల్వర్లను పరీక్షించి చూశారు. 'ఇది దీనిదే' అనే ముందు 'ఇది మరి దేనిదీ కాదు' అని చూపవలసిన బాధ్యతను ఆ పరీక్ష గుర్తించింది.

భారతదేశంలో 1930లో కలకత్తా పోలీసుశాఖ ఒక ఆయుధ నిపుణుణ్ణి నియమించి చిన్న పరీక్షాశాల ఏర్పరచింది. అదే సంవత్సరం ఏప్రిల్ 18న చిట్టగాంగ్ ఆయుధాగారంపై దాడి జరిగింది. వంగదేశపు విప్లవోద్యమాన్ని గమనంలో ఉంచుకోకుండా ఆ పరీక్షాశాల ఆవిర్భావాన్ని అర్థం చేసుకోలేం.

5. అసాధారణ గుర్తుల నిర్ధారణ: పద్ధతి

ఏ గుర్తు దేనిని సూచిస్తుందో ఇక్కడ పరిశీలిద్దాం. సక్రమంగా పనిచేసే పిస్టల్‌లో ప్రైమర్ నడిమధ్య గుండ్రని అడుగుగల నునుపైన గుంట పడుతుంది. దానికి భిన్నంగా కనిపించేవి ప్రధానంగా ఐదు.

మొదటిది, గుంట చుట్టూ లేచిన గట్టు. ఇది చూడగానే తూటాలో ఒత్తిడి ఎక్కువైందని భావించడం పరిపాటి. ఫైరింగ్ పిన్ బయటికి వచ్చే రంధ్రం పెద్దదైనా, ప్రైమర్ లోహం మెత్తనిదైనా ఇదే గట్టు లేస్తుంది. రెండవది, పూర్తిగా చదునైన ప్రైమర్. అధిక ఒత్తిడి దీనికి ఒక కారణం. తూటా అడుగుకు, బ్రీచ్ ముఖానికి మధ్య ఖాళీ పెరగడం మరో కారణం. మూడవది, చిల్లుపడిన ప్రైమర్. పిన్ కొన పదునెక్కినా, కావలసినదానికన్నా ముందుకు వచ్చినా ఇలా జరుగుతుంది. నాలుగవది, లోతు తక్కువైన గుంట. స్ప్రింగ్ బలహీనత, పిన్ దారిలో గడ్డకట్టిన నూనె, పూర్తిగా మూసుకోని స్లైడ్, గట్టి ప్రైమర్, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఒకే ప్రైమర్ మీద రెండు గుంటలుంటే తొలి దెబ్బకు పేలలేదని అర్థం. ఐదవది, కన్నీటిబొట్టులా ఒకవైపు సాగిన గుంట. పేలిన వెంటనే బ్యారెల్ వెనుకభాగం కిందికి వంగే తరహా పిస్టళ్లలో పిన్ వెనక్కి తగ్గేలోపే తూటా కదలడంవల్ల ఇది ఏర్పడుతుంది. ఆ తరహాలో ఇది సహజలక్షణమే. బ్యారెల్ స్థిరంగా ఉండే తరహాకు చెందిందని చెప్పే పిస్టల్ తూటా మీద ఇది స్పష్టంగా కనిపిస్తే, ఆ తూటా నిజంగా ఆ పిస్టల్‌దేనా అని ప్రశ్నించుకోవాలి.

ఒక్కో గుర్తుకు ఒకటికి మించిన కారణాలున్నాయని పై వివరణే చెబుతుంది. కాబట్టి గుర్తునుంచి నేరుగా కారణానికి దూకరాదు. నిపుణులు అనుసరించే తర్కం సరళమైనది: ఒకసారి ఒక్క అంశాన్నే మార్చి చూడాలి. అదే పిస్టల్‌లో వేరే తయారీ తూటాలు వాడితే గుర్తు మాయమైతే దోషం తూటాది. గుర్తు అలాగే ఉంటే దోషం పిస్టల్‌ది. పిన్ మార్చితే పోయినది పిన్‌ది. స్ప్రింగ్ మార్చితే పోయినది స్ప్రింగ్‌ది. పాఠపరిష్కర్త తాళపత్రప్రతులను పక్కపక్కన పెట్టి, ఒక పాఠభేదం లేఖకుని దోషమా, మాతృకలోనే ఉన్నదా అని తేల్చే పద్ధతికి ఇది దగ్గరిది. ఒక్క ప్రతితో పరిష్కరణ సాధ్యం కానట్లే, ఒక్క తూటాతో నిర్ధారణ సాధ్యం కాదు.

అరుగుదలను చదవడంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. స్లైడ్ అంచులలో, మూతి దగ్గర రంగు పోయి లోహం మెరవడం ఒరలో పెట్టి తీసిన రాపిడి. అది వాడుకకు గుర్తే గానీ దోషం కాదు. స్లైడ్ ఫ్రేమును తాకేచోట లోహం నలిగి అంచులు చితికితే, రీకాయిల్ స్ప్రింగ్ నీరసించిందని భావించాలి. వెలుపల బాగా అరిగి బ్యారెల్ లోపల కొత్తగా ఉన్న పిస్టల్‌ను ఎక్కువగా మోశారు, తక్కువగా పేల్చారు. వెలుపల మెరుస్తూ లోపల గుంతలుపడినదానికి తరువాత ఎవరో మెరుగుపెట్టారు.

లోపలి గుంతలకు ఆ కాలపు ప్రైమర్ ఒక ప్రధాన కారణం. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో విరివిగా వాడిన ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పుగా మారి బ్యారెల్ లోపల పేరుకొంటుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. నూనె దాన్ని కరిగించలేదు, నీళ్లే కరిగించాలి. అందుకే ఆనాటి సైనికులు కాల్పుల తరువాత బ్యారెల్‌ను వేడినీళ్లతో కడిగేవారు. నక్కపల్లి వంటి తీరప్రాంతపు ఉక్కలోనో, మన్యపు వర్షాకాలంలోనో కడగని బ్యారెల్ కొద్దిరోజులలోనే తుప్పుపట్టడం ఖాయం. కాబట్టి ఆనాటి ఆయుధంలో కనిపించే గుంతలు ఎన్ని తూటాలు పేలాయో చెప్పవు. పేల్చాక సంరక్షణ జరిగిందా లేదా అన్నది చెబుతాయి.

6. సంఖ్య చెప్పేది, గుర్తు చెప్పేది: 168896

మన దేశంలో చారిత్రక పిస్టల్ గుర్తింపుకు స్పష్టమైన ఉదాహరణ భగత్‌సింగ్ పిస్టల్. 1928 డిసెంబరు 17న లాహోరులో పోలీసు అధికారి సాండర్స్ హత్య జరిగింది. ఆ కేసులో వస్తుసాక్ష్యంగా నమోదైన .32 కోల్ట్ ఆటోమేటిక్ పిస్టల్ సంఖ్య 168896. స్వాతంత్ర్యానంతరం అది ఫిల్లౌర్ పోలీసు శిక్షణకేంద్రం మీదుగా 1969లో ఇందోర్‌లోని సరిహద్దు భద్రతాదళపు ఆయుధశిక్షణ సంస్థకు చేరింది. అక్కడ ఇతర ఆయుధాల నడుమ, తుప్పు పట్టకుండా వేసిన నల్లరంగు కింద సంఖ్య మరుగుపడి చాలాకాలం ఉండిపోయింది. రంగు గీకి చూసినప్పుడు బయటపడిన సంఖ్య కేసు రికార్డుతో సరిపోయింది. 2017లో ఆ పిస్టల్ పంజాబులోని హుస్సేనీవాలా మ్యూజియంకు తరలింది.

ఈ ఉదంతం రెండు పాఠాలు చెబుతుంది. సంరక్షణ కోసం వేసిన పూతే గుర్తింపును కప్పేసింది. కాబట్టి పూతను, తుప్పును, మరమ్మతును కూడా చరిత్రలో భాగంగా చదవాలి. రెండోది మరింత సూక్ష్మం. సంఖ్య సరిపోవడం వల్ల 'కేసు రికార్డులోని వస్తువు ఇదే' అని రుజువవుతుంది. 'ఆనాడు ఫలానా తూటాను పేల్చినది ఇదే' అన్నది వేరే ప్రతిపాదన; దానికి ఆ ఘటనాస్థలంలో దొరికిన ఖాళీ తూటాలతో పోలిక కావాలి. 'పేల్చిన చేయి ఎవరిది' అన్నది మూడో ప్రతిపాదన. దానికి ఏ ప్రైమర్ గుర్తూ జవాబు చెప్పదు. వస్తువు ఏది, అది ఏమి చేసింది, ఎవరి చేతిలో చేసింది అనే మూడు ప్రశ్నలను విడివిడిగా ఉంచడం ఆయుధసాక్ష్యాన్ని వాడే చరిత్రకారుడి ప్రాథమిక ధర్మం.

7. నిపుణుని మాటకు హద్దు

భారత న్యాయస్థానాలు 1872నాటి సాక్ష్యచట్టం 45వ సెక్షను కింద నిపుణుల అభిప్రాయాన్ని స్వీకరిస్తూ వచ్చాయి. ఇప్పుడు ఆ స్థానంలో 2023నాటి భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షను ఉంది. 1958 ఏ.ఐ.ఆర్. సంపుటిలో నమోదైన కలువా వర్సెస్ ఉత్తరప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు ఒక దేశవాళీ పిస్టల్‌కు, ఘటనాస్థలంలో దొరికిన ఖాళీ తూటాకు గల సంబంధాన్ని అంగీకరించింది. నిపుణుడు ఆ పిస్టల్‌తో పరీక్షగా పేల్చిన తూటాల మీది ప్రత్యేక గుర్తులు, దొరికిన తూటా మీది గుర్తులు సరిపోవడం అందుకు ఆధారం.

అయితే ఈ శాస్త్రం మీద ఇటీవల గంభీరమైన విమర్శ వచ్చింది. అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ 2009లో, అధ్యక్షుని సలహామండలి 2016లో పోలిక పరీక్షల ప్రమాణాలను ప్రశ్నించాయి. సలహామండలి సక్రమంగా రూపొందినదని ఒప్పుకొన్న ఒకే ఒక అధ్యయనంలో, వేర్వేరు తుపాకులవైన తూటాలను ఒకే తుపాకివని పొరబడిన రేటు సుమారు 66కు ఒకటి. గణాంక పరిమితిని కలుపుకొంటే అది 46కు ఒకటి వరకు ఉండవచ్చు. చిన్న సంఖ్యలాగే కనిపిస్తుంది గానీ, ఉరిశిక్ష పడే కేసులో చిన్నది కాదు. ఒకే పనిముట్టుతో వరుసగా తయారైన భాగాల మీద ఒకే రకపు గీతలు ఉండగలవన్నది ఇక్కడి ప్రధాన చిక్కు. అటువంటి గీతలను ఒక్క తుపాకి ప్రత్యేకతగా పొరబడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

చారిత్రక ఆయుధాల విషయంలో మరో చిక్కు తోడవుతుంది. నూరేళ్లలో పిన్ మారి ఉండవచ్చు. బ్రీచ్ ముఖాన్ని గరుకుకాగితంతో తుడిచి ఉండవచ్చు. తుప్పు పాత గీతలను తినేసి కొత్తవి పుట్టించి ఉండవచ్చు. నేడు దాన్ని పేల్చి తీసిన గుర్తు నేటి పిస్టల్ గుర్తే, ఆనాటిది కానక్కరలేదు. పైగా పేల్చడం వల్ల మిగిలిన సాక్ష్యం కూడా చెడుతుంది. కాబట్టి మ్యూజియం ఆయుధాలను పేల్చి పరీక్షించడం కంటే, బ్రీచ్ ముఖాన్ని, పిన్ కొనను అచ్చు తీసి సూక్ష్మచిత్రాలుగా భద్రపరచడం మేలు. అది కూడా ఆయుధచట్టం ప్రకారం అధికారం ఉన్న పరీక్షాశాలల పని. హైదరాబాదులోని కేంద్ర ఫోరెన్సిక్ సైన్స్ ప్రయోగశాల వంటి సంస్థతో చరిత్రశాఖలు కలిసి పనిచేయడానికి ఇక్కడ అవకాశం ఉంది.

8. ముగింపు

మన్యం పోరాటపు ఆయుధాలను గురించిన ఏ వాదననైనా పరీక్షించడానికి పై చర్చనుంచి ఒక క్రమం ఏర్పడుతుంది. ముందుగా, ఆ ఆయుధపు తరహా 1922 నాటి ఠాణా ఆయుధాల తరహాతో సరిపోవాలి. తరువాత, దాని సంఖ్య ఏదైనా రికార్డులో కనిపించాలి. ఠాణానుంచి దళానికి, దళంనుంచి ప్రభుత్వానికి, ప్రభుత్వంనుంచి మ్యూజియంకు అది చేతులు మారిన వరుస తెగకుండా ఉండాలి. ఇవన్నీ నిలిచిన తరువాతే అరుగుదలకు, ప్రైమర్ గుర్తులకు మాట్లాడే హక్కు వస్తుంది. వరుస తెగినచోట ఎంత స్పష్టమైన గుర్తయినా కథగానే మిగులుతుంది.

కొండదారుల మట్టిలో దొరికే ఖాళీ తూటాలు ఈ దృష్టితో మరింత విలువైనవి. వాటి అడుగున కిర్కీ, డమ్‌డమ్ వంటి కర్మాగారాల ముద్రలుంటే అవి తయారైన చోటును చెబుతాయి. ఫైరింగ్ పిన్ గుంట పేల్చిన తుపాకి తరహాను చెబుతుంది. దొరికిన స్థానం కాల్పులు జరిగిన దిక్కును చెబుతుంది. కానీ స్థానం నమోదు చేయకుండా ఏరి జేబులో వేసుకొంటే ఇందులో మూడోది శాశ్వతంగా పోతుంది. అందుచేత ఈ ప్రాంతపు కళాశాలల చరిత్ర విద్యార్థులకు మొదట నేర్పవలసినది తూటాను చదవడం కాదు. దాన్ని కదపకుండా ఫోటో తీసి, చోటు రాసి, సంబంధిత అధికారులకు తెలియజేయడం.

తీసుకొన్న ప్రతి తుపాకిని లెక్కగట్టి సంతకం చేసిన మనిషి చరిత్రను రాస్తున్నాం. ఆ సంతకం చూపిన నిజాయితీ మన వాదనలలోనూ ఉండాలి. ఒక ఆయుధం కింద పేరు రాసే ముందు, ఆ పేరుకు ఎంతవరకు రుజువుందో కూడా అదే చీటీ మీద రాయగలిగినప్పుడే అది చరిత్ర అవుతుంది.